గంగులు పేరు మార్చిన ఓడ

సోంపేటకు తూర్పున, సముద్రం పక్కనున్న ఆ పల్లెలో ఏ కొత్త పడవ నీళ్లలోకి దిగినా దాని మీద పేరు రాసేది గంగులే. అతనికి నలభై ఆరేళ్లు. చదువు పదో తరగతిలో ఆగిపోయింది కాని చేతిరాత మిగిలింది. ఆ చేతిరాతే అతన్ని ఓడల్లో పెయింటరును చేసింది. పన్నెండేళ్లు తుప్పు గీకి రంగులు వేస్తూ బతికాడు. మంచివాడని ఊళ్లో అందరూ అంటారు. ఎదురు చెప్పడం చేతకాని మనిషిని లోకం సులువుగా మంచివాడనేస్తుంది. నేను అంతదూరం వెళ్లను.

రెండేళ్ల కిందట ఒక చమురు ఓడలో పని దొరికితే, చెల్లెలు మరిడమ్మ భర్త నూకయ్యను కూడా వంటపనికి వెంట తీసుకెళ్లాడు. ఆ ఓడ మోసేది రష్యా చమురు. ఉక్రెయిన్ మీద యుద్ధం ఆగాలంటే ఆ చమురు రాబడికి గండి కొట్టాలని పశ్చిమ దేశాలు ఆంక్షలు విధించాయి. అలాంటి ఓడలను వరుసగా నిషేధ జాబితాలోకి ఎక్కిస్తున్నాయి. సైన్యాన్ని పంపకుండా దురాక్రమణను అడ్డుకునే ఉపాయమది. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే శిక్ష విధించేవాడికి ఓడ కనిపిస్తుంది, యజమాని ఊహకైనా అందుతాడు. ఓడ వంటగదిలో ఉల్లిపాయలు తరిగేవాడు ఎవరి ఆలోచనలోకీ రాడు.

తమ ఓడా ఆ జాబితాకెక్కిన వారానికి కెప్టెన్ గంగులు చేతికి ఒక కాగితం ఇచ్చాడు. పాత పేరు చెరిపి కొత్తది రాయాలి. నడిసముద్రంలో, తాళ్లకు వేలాడే పలక మీద కూర్చుని అతడు రాశాడు. ఎందుకని అడగలేదు. పైనుంచి నూకయ్య తొంగిచూశాడు.

"ఏటి బావా, పేరు మారిస్తే ఓడ బుద్ధి మారిపోతాదేటి? అలాగైతే నీ సెల్లికి కూడా ఓ మెత్తని పేరు రాసెయ్. నేను ఇంటికెల్లేసరికి అరుపులు తగ్గుతాయి."

"దానికి సరిపడా రంగు నా దగ్గర లేదు గాని, నువ్వెల్లి కూర మాడకుండా సూడు."

మూడు నెలలకు, శ్రావణంలో, నూకయ్యకు కడుపునొప్పి పట్టుకుంది. ఆపైన జ్వరం. కెప్టెన్ దగ్గరలోని రేవును వేడుకున్నాడు. ఆ పేరుతో ఏ దేశంలోనూ ఓడ నమోదు కాలేదని, లోపలికి రానివ్వమని జవాబు వచ్చింది. ఇంకో రేవుదీ అదే మాట. నాలుగో రోజు తెల్లవారాక నూకయ్య ప్రాణం పోయింది. కాన్వాసులో చుట్టి సముద్రంలోకి వదిలారు.

దసరాకు ముందు గంగులు ఒక్కడే ఇంటికి చేరాడు. ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు అప్పటికే అతన్ని బెదిరించి పంపాడు: లేని ఓడలో పోయినవాడికి మరణపత్రం పుట్టదు, నోరు విప్పితే దొంగ పేరు రాసింది నువ్వేనని తేలుతుంది, ఇక ఏ ఓడా ఎక్కలేవు. నూకయ్య మరో ఓడకు మారాడని, అక్కడ ఫోను అందదని గంగులు చెల్లెలికి చెప్పాడు. మరిడమ్మ నమ్మింది.

మాఘమాసంలో ఒక ఆదివారం ఆమె అన్నను వెంటబెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. భర్త క్షేమంగా రావాలని అరసవల్లి సూర్యదేవుడి గుళ్లో సూర్యనమస్కారాల పూజ చేయిస్తానని మొక్కుకుంది. గుడి కౌంటరులోని గుమస్తా ఒక చీటీ ముందుకు తోశాడు.

"ఎవరి పేరున చేయించాలో రాయండి."

"రాయి అన్నియ్యా," అంది మరిడమ్మ. "ఊరందరి పడవలకీ రాస్తావు, మీ బావ పేరు రాయడానికి సేతులు నొప్పెడతన్నాయేటి?"

గంగులు పెన్ను పట్టుకున్నాడు. బతికున్నవాడి కోసం రాసే చీటీ అది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.

"ఏటి బాబూ, పరీచ్చ రాస్తన్నావా? ఎనకాల జనం ఉన్నారు."

అతడు పెన్ను వదిలేసి, చెల్లెలి చేయి పట్టుకుని వరుసలోంచి బయటికి నడిపించాడు. పూలకొట్టు పక్కన ఆగాడు.

"మనం గుళ్లోకి ఎల్లకూడదే సెల్లీ. మైల. బావ సచ్చిపోనాడు."

తరువాత కడుపునొప్పి గురించి, రేవుల గురించి చెప్పాడు. ఏజెంటు మాటలు చెప్పాడు. "ఆ పేరు రాసింది నేనే. పాత పేరుంటే రానిచ్చేవోరో లేదో నాకు తెల్దు," అన్నాడు.

మరిడమ్మ ఏడవలేదు.

"ఎప్పుడు?"

"శ్రావణంలో."

"దీపావలికి నేను కొత్తకోక కట్టేను. తలలో పూలెట్టుకున్నాను. ఊరంతా సూసేరు. నువ్వూ సూసేవు."

ఆమె ఆటోల వైపు తిరిగింది.

"నీల్లడిగేడా?"

"అడిగేడు."

"ఇచ్చేవా?"

"ఇచ్చేను. రెండు సెంచాలు దిగేయి. ఆ తరవాత దిగలేదు."

చావు కబురు వింటే తలస్నానం చేయాలి. గుడి ఎదుట ఉన్న లాడ్జి గోడ పక్కన బోరింగు దగ్గర మరిడమ్మ చెప్పులు విడిచి, కట్టుకున్న చీరతోనే నేల మీద కూర్చుంది. గంగులు హ్యాండిల్ మీద చేయి వేశాడు.

"నువ్వు కొట్టొద్దు," అంది ఆమె తల ఎత్తకుండా. "నీ సేతి నీల్లు నాకొద్దు."

పూలకొట్టు ఆవిడ వచ్చి హ్యాండిల్ అందుకుంది. గుడికి పోయేవాళ్లు ఆగి చూశారు. గంగులు చెల్లెలి చెప్పులు చేత పట్టుకుని, ఆ నీళ్లు తన మీద చిందనంత దూరంలో నిలబడ్డాడు.