కంప్రెసర్ వద్దన్న లావణ్య

కరోనా తరువాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో యుటిలిటీస్ మేనేజరుగా వేశారు. కరెంటు, ఏసీ ప్లాంటు, కంప్రెసర్ గాలి నా కింద ఉండేవి. అంతకుముందు జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో చేసినవాణ్ణి కనుక గాలి ప్రెజర్ విషయంలో నాది చాదస్తమని అనేవారు.

నా షిఫ్ట్ ఇంజనీరు లావణ్య గోపన్‌పల్లి అమ్మాయి. ఆడవాళ్లంతా కలిసి సైకిళ్ల మీద ఆఫీసుకు వచ్చే ఏర్పాటు కోసం పైవాళ్ల వెంటపడింది. చివరికి ఒక్కసారి చూద్దామన్నారు. దారిలో ఎవరైనా ఆగిపోతే ఇక ఆ మాట ఎత్తొద్దన్నారు.

దానికి ముందురోజు సాయంత్రం ఆమె మా ప్లాంటు దగ్గరే తన సైకిలుకు కొత్త ట్యూబ్‌లెస్ టైరు వేసుకుంది. దాని రెండు అంచులూ రిమ్ముకు బిగుసుకుంటేనే గాలి నిలుస్తుంది. చేతిపంపుతో ఎంత కొట్టినా పక్కల నుంచి పోతోంది. ఎవరో సోడా బాటిల్లో గాలి నింపి ఒక్కసారిగా వదులుదామన్నారు. పేలితే ముఖాలు మిగలవని కసిరాను. సొంత పనికి కంప్రెసర్ వాడాలంటే పర్మిట్ కావాలి. సంతకం పెట్టడానికి నేనే పెన్ను తీశాను.

“ఈడ మీరున్నరు సార్, కంప్రెసర్ ఉంది. రేపు తొవ్వల టైరు పోతే ఎవలున్నరు? ఇంట్ల ఉన్నదానితోనే కావాలె,” అంది.

పాత ట్యూబు లోపల పెట్టి గాలి కొట్టింది. రెండు అంచులూ బిగుసుకున్నాయి. గాలి తీసి, ఒక అంచు మాత్రమే ఊడదీసి ట్యూబు లాగేసింది. రెండో అంచు కదల్లేదు. ట్యూబ్‌లెస్ వాల్వు పెట్టి, గాలి వేగంగా వెళ్లేందుకు దాని పిన్ను తీసింది. అంచుకు సబ్బునీళ్లు పూసి, అంచులు రిమ్ముకు ఆనేలా టైరు చుట్టూ బెల్టు బిగించి, ఆపకుండా పంపు కొట్టింది. అంచు టప్పుమని రిమ్ములో కూర్చుంది. చిల్లులు పూడ్చే ద్రవం పోసి, పిన్ను బిగించి, మళ్లీ గాలి నింపింది. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

మర్నాడు వాళ్ల వెనకే నా బండి మీద వెళ్లాను. కొండాపూర్ దాటాక అకౌంట్స్ అమ్మాయి సైకిలు చక్రం గుంతలో పడి, దాని ట్యూబ్‌లెస్ టైరు ఒక పక్క అంచు ఊడి గాలంతా పోయింది. నేను ఫోను తీసి వ్యాను కోసం నంబరు వెతుకుతున్నాను. ఈలోగా లావణ్య అంచుకు తాగే నీళ్లు రాసి, తన చున్నీ టైరు చుట్టూ బిగించి కట్టి పంపు అందుకుంది. అంచు కూర్చుని గాలి నిలిచింది, వ్యాను పిలవాల్సిన అవసరం రాలేదు. అందరూ సైకిళ్ల మీదే గేటు దాటారు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ పర్మిట్ వచ్చినా, నేను లేనిచోట ఈ పని ఎలా చేస్తారని అడిగాకే సంతకం పెట్టాను.