లచ్చవ్వ ఇచ్చిన చక్రాలు

1962 ఎండాకాలంలో నన్ను మహబూబ్‌నగర్ వాహనాల షెడ్డు నుంచి కొత్తకోటకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను రెండో తరగతి మెకానిక్‌ని. నా పైన ఫోర్‌మన్, ఆయన పైన సూపర్‌వైజర్ ఉండేవారు. అప్పగించిన పని ఒకటే: పశువుల డాక్టరు రంగారావు గారి మోటారు సైకిలుకు బ్రేకులు సరిచేయడం.

సైన్యం వేలంలో వచ్చిన యుద్ధకాలం నాటి బండి అది. ఇంజను గట్టిదే. బ్రేకు డ్రమ్ములు మాత్రం చిన్నవి, పైగా అరిగిపోయాయి. డ్రమ్మంటే చక్రం నడుమ ఉండే ఇనుప గిన్నె. దాని లోపల రెండు షూలు విచ్చుకుని గోడను ఒరుసుకుంటేనే చక్రం ఆగుతుంది. గోడ గుండ్రదనం పోయాక ఎన్ని కొత్త షూలు వేసినా దండగే. నేను వెళ్లేనాటికే డాక్టరు గారు ఒకసారి వాగు దిగుడులో పడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయింది, ఐసు పెట్టెలోని టీకా సీసాలు పగిలాయి.

తొలకరి పడి లేత గడ్డి మొలిస్తే గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున మేతకు పోయిన గొర్రె సాయంత్రానికి ఉండదు. వానలు దిగేలోపు మందలన్నింటికీ టీకా వేయాలి. మందలేమో జీపు పోలేని బాటల చివర, గుట్టల మధ్య ఉన్నాయి.

ఆ డ్రమ్ములు మా షెడ్డులో లేవు, హైదరాబాదులోనూ దొరకలేదు. అదే రకం బండి, కొంచెం తర్వాతి కాలానిది, పెద్ద డ్రమ్ములున్నది, ఒక గొర్రెల కాపరుల ఊళ్లో ఉందని డాక్టరు గారికి తెలుసు. ఎడ్లబండి కట్టించుకుని ఇద్దరం వెళ్లాం.

బండి లచ్చవ్వ అనే ఆమెది. ఆమె కొడుకు ఎల్లయ్య సైన్యంలో ఉత్తరాలు మోసే మోటారు సైకిలు నడిపేవాడు. కొలువు ముగిశాక వేలంలో ఆ బండి కొని ఇంటికి తెచ్చుకున్నాడు. ఏడాది తిరగకముందే జ్వరంతో పోయాడు. గొర్రెల కొట్టంలో, ఉన్ని వాసన నడుమ, కప్పు సందుల్లోంచి పడే వెలుగు చారల కింద బండి నిలబడి ఉంది. ఇంధనం ఎండిపోయింది గానీ మీద ధూళి లేదు. ఆమె రోజూ కొంగుతో తుడిచేదట.

డాక్టరు గారు సంగతి చెప్పి, చక్రాలు ఇమ్మని అడిగారు. ఆమె కొంగుతో బండి సీటు ఒకసారి తుడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చక్రాలు తీస్తే నా కొడుకు బండి రాళ్ల మీద నిలవడాల్నా బిడ్డా? కూలవడ్డ గొడ్డు లెక్క? గట్లయితే ఇయ్య."

మా షెడ్డులో సామాను తీసిన బండిని రాళ్ల మీదే వదిలేసేవాళ్లం. అదే ఆనవాయితీ. "రాళ్ల మీద పెట్టనవ్వా, మా బండి చక్రాలు దీనికేస్త" అన్నాను. ఆమె కొట్టం తలుపు బార్లా తెరిచింది.

డాక్టరు గారి బండిని ఆ కొట్టం ముందుకే తెప్పించి పని మొదలుపెట్టాను. ఇరుసులు ఒకే లావు గానీ లచ్చవ్వ ఇచ్చిన చక్రం వెడల్పు తక్కువ. ఇరువైపులా ఖాళీ పూడ్చే బుష్‌లను మహబూబ్‌నగర్‌లో లేత్ మీద తీయించుకొచ్చాను. డ్రమ్ము లోపల సుద్ద రాసి, చక్రం తిప్పి, షూ మీద తెల్లమరక పడ్డ చోటల్లా ఆకురాయితో సన్నగా రాశాను. మరక షూ అంతటా సమంగా పరుచుకునేదాకా అదే పని. షూలను మోసే పళ్లేన్ని, చక్రం ఇరువైపులా దిగే ఫోర్కుకు పట్టీతో బిగించాలి. ఆ పట్టీ వదులైతే పళ్లెం చక్రంతో పాటు తిరిగి, చక్రాన్ని పట్టేసి మనిషిని విసిరేస్తుంది. ఎండ తెల్లగా కాస్తుంటే, ఎక్కడో గొర్రెల మెడగంటలు నిద్రలో వినిపించినట్టు వినిపించేవి. లచ్చవ్వ గడపలో కూర్చుని ఉన్ని వడుకుతూ నా చేతులనే చూసేది.

పని ముగిసి ఒంటరిగా ఊరవతలి వాగు దిగుడులో నడిపి చూశాను. చక్కగా ఆగింది. డాక్టరు గారికి అప్పగించబోతుంటే లచ్చవ్వ లేచి వచ్చింది.

"నన్ను గూడ ఒక్కపారి ఎక్కిచ్చుకో బిడ్డా. వాడు ఎక్కవే అవ్వా అంటే, నలుగురు నవ్వుతరని ఎక్కలె."

డాక్టరు గారు తల ఊపారు. ఆమె చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని వెనుక కూర్చుని, రెండు చేతులూ నా భుజాల మీద వేసింది. పొద్దు వాలుతోంది. మేం లేపిన ధూళి బంగారు పొగలా వెనకే వచ్చింది. ఎర్ర చెలకలు, తుమ్మచెట్లు, దూరపు గుట్టలు నీళ్లలో కదిలినట్టు కదిలిపోయాయి. ఆమె ఏదో సన్నగా చెబుతోంది. ఆ మాటలు నాతో కాదని అర్థమైంది.

వాగు దిగుడు సగంలో ఉండగా ఎదురుగా మంద అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ నొక్కాను. ఇందాక ఆగినట్టు బండి ఆగలేదు. ఇద్దరి బరువుతో జారుతూ జారుతూ వెళ్లి, ముందున్న పొట్టేలు మూతి చక్రానికి తగిలేంత దగ్గరలో నిలిచింది. ఇంజను ఆగిపోయింది. గొర్రెలు మాకు ఇరుపక్కలా పాయలుగా చీలి పారసాగాయి.

"జర గిట్లనే ఉండు" అంది ఆమె. ఆఖరి పిల్ల దాటేదాకా అట్లాగే ఉన్నాం. ఎంతసేపో చెప్పలేను.

తిరిగొచ్చి ముందు బ్రేకు విప్పాను. ఇద్దరి బరువును ఆపేందుకు గట్టిగా నొక్కినప్పుడు బ్రేకు తీగ సాగి, షూలు పూర్తిగా విచ్చుకోవడం లేదు. లావు తీగ వేసి, ఈసారి డాక్టరు గారి కాంపౌండరును వెనుక కూర్చోబెట్టుకుని, మందుల పెట్టె కట్టుకుని అదే దిగుడులో పరీక్షించాను. అనుకున్న చోట ఆగింది. ఎల్లయ్య బండికి డాక్టరు గారి బండి పాత చక్రాలు ఎక్కించి, గాలి కొట్టి, ఉన్న జాగాలోనే నిలబెట్టాను. లచ్చవ్వ దాన్ని ఒకసారి ముందుకూ వెనక్కూ నెట్టి చూసి, "మంచిగున్నది" అంది.

డాక్టరు గారు తొలకరికి ముందే చాలా మందలకు టీకా వేయగలిగారు. అన్నింటికీ కాదు. అందని చోట గొర్రెలు పోయాయి.

ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసేదాకా రెండు నియమాలు పాటించాను, నా కింది వాళ్లచేత పాటింపజేశాను. ఒక బండి నుంచి చక్రాలు తీస్తే ఇంకో జత వేసి దాన్ని నిలబెట్టాలి. బ్రేకులు మార్చిన బండిని, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపి చూడకుండా ఎవరికీ అప్పగించకూడదు.