రొయ్యల చెరువు గట్టున నా హెలికాప్టర్

టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. మొన్నామధ్య ఓ ఆదివారం నేను హెలికాప్టర్ కూల్చేశాను. అబ్బే, కంగారు పడకండి, అందులో మనుషులెవరూ లేరు. రిమోట్‌తో ఎగిరే బుల్లి హెలికాప్టర్. అయినా కూలడం అసలు విషయమే కాదండీ. కూలాక నేనొక జాగ్రత్త తీసుకున్నాను చూశారూ... అది తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు తడిసిపోతున్నాయి!

నా సంగతి మీకు తెలుసు కదా. గుడివాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చే రకం. వచ్చి చూస్తే కట్టేసే ఉంటుంది. మళ్ళీ వెళ్తుంటే తలుపు తాళం వేశానా అని డౌటు. డాక్టర్ గారు నా బీపీ రెండుసార్లు చూసి, "మాస్టారూ, మీకు మాత్రల కంటే ముందు ఓ హాబీ కావాలి. సరదాగా ఏదైనా మొదలుపెట్టండి" అన్నారు. బుద్ధున్నవాడైతే నాలుగు గులాబీ మొక్కలు కొనుక్కునేవాడు. నేను నెట్‌లో వీడియో చూసి హెలికాప్టర్ ఆర్డర్ పెట్టాను.

బాక్స్ వచ్చింది. మూరెడు పొడుగు, ఎర్ర రంగు, ముద్దుగా ఉంది. దాంతోపాటు మాన్యువల్. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా డేంజర్, వార్నింగ్, మళ్ళీ డేంజర్! రెక్క తిరిగేటప్పుడు వేలు పెడితే వేలుండదు. బ్యాటరీకి దెబ్బ తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే మండుతుంది. బీపీ తగ్గాలని కొన్న వస్తువు బీరువా మీద ఉందన్న ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఆ బ్యాటరీని ఇసక పోసిన బకెట్‌లో పెట్టి బాల్కనీలోకి మార్చాను. "ఎందుకండీ ఇంత బాధ? తిరిగి పంపించెయ్యండి" అంది మా ఆవిడ పద్మజ. పంపించేవాణ్ణే. ప్యాకింగ్‌లో ఉండగా దారిలో పేలితే?

వెంటనే ఎగరెయ్యకూడదట. ముందు కంప్యూటర్‌లో ఆట లాంటిది ఒకటి ఉంటుంది, అందులో ప్రాక్టీస్ చెయ్యాలి. మూడు వారాలు చేశాను. రోజూ కూల్చాను. పద్మజ కాఫీ పెట్టి, "ఇవాళ ఎన్ని పడ్డాయి?" అని మార్కులు అడిగినట్టు అడిగేది. చిక్కంతా ఎక్కడంటే, హెలికాప్టర్ తోక మన వైపు ఉన్నంతసేపు కుడి అంటే కుడే. అదే ముక్కు మన వైపు తిరిగిందనుకోండి, దాని కుడి మనకి ఎడమ. మనం ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. అందుకని "తోక నా వైపు, తోక నా వైపు" అని స్నానం చేసేటప్పుడు కూడా గొణుక్కునేవాణ్ణి.

ఇక చోటు. మా వీధిలో ఎగరేస్తే ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటుందని భయం. కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలు చూస్తారు. అప్పుడు గుర్తొచ్చాడు మా బావమరిది సురేష్. పద్మజకి తమ్ముడు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఫోన్ చేస్తే, "రండి బావగారూ! రొయ్యలు పట్టేసి, పట్టుబడి అయిపోయిన చెరువొకటి ఎండగట్టాం. లోపల క్రికెట్ ఆడుకోవచ్చు, అంత చదునుగా ఉంది. మీరు హెలికాప్టర్ కాదు, విమానం దింపుకోండి" అన్నాడు.

శనివారం సాయంత్రానికి అత్తారింట్లో దిగాం. తెల్లారి నేను హెలికాప్టర్ బయటికి తీయగానే అత్తగారు పసుపు గిన్నెతో సిద్ధం!

"కొత్త బండికి పూజ లేకుండా ఎలా బాబూ?"

"బండి కాదు అత్తయ్యగారూ, బొమ్మ."

"ఎగురుతుందిగా! నేల మీద పోయే స్కూటర్‌కే చేయించాం. గాల్లో పోయేదానికి వద్దంటే ఎలా?"

నిజం చెప్పొద్దూ, నాకున్న భయానికి ఆవిడ మాట అమృతంలా వినిపించింది. చేయించాను. కింద పసుపు పూశారు. స్కిడ్లంటారు, హెలికాప్టర్ నిలబడే కాళ్ళు, వాటి కింద చెరో నిమ్మకాయ పెట్టి, "ఇప్పుడు తొక్కించండి" అన్నారు. హెలికాప్టర్‌తో నిమ్మకాయ ఎలా తొక్కిస్తామండీ? పైనుంచి చేత్తో నొక్కాను. అరచేతినిండా పసుపు. ఆఖర్న ఒక రెక్క మీద ఇంత మందాన గంధం పట్టించి, నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టారు. రెండో రెక్క గోడ వైపు ఉండి అందలేదు. "చెరపకండేం, సాయంత్రం దాకా ఉండాలి" అని హెచ్చరిక కూడా.

రెండు రెక్కలూ సమానమైన బరువు ఉండాలి, చిన్న స్టిక్కర్ ముక్క తేడా ఉన్నా బండి వణుకుతుంది అని ఆ మాన్యువల్‌లో లావు అక్షరాల్లో రాసి ఉంది. రాయకపోయినా నాకు తెలియాలి. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి చెప్తున్న పాఠమే అది! బ్యాటరీ గురించి నెల రోజులు వణికిన వాణ్ణి, కళ్ళెదురుగా ఉన్న గంధం గురించి క్షణం ఆలోచించలేదు.

సురేష్ బైకు మీద నన్ను గట్టు దగ్గర దింపాడు. ఇంకా ఎండ రాలేదు, గాలి లేదు. ఇటు ఎండిన చెరువు. గట్టుకి అవతల నిండు చెరువు. అందులో నాలుగు రోజుల్లో పట్టుబడికి వచ్చే రొయ్య. నీళ్ళ మీద ఏరేటర్లు, అదే, నీళ్ళని చిలికే చక్రాలు, గుడగుడమని ఒకటే మోత.

"బావగారూ, పోయిన పంట వైరస్ వచ్చి మొత్తం పోయింది. ఇదైనా చేతికొస్తే ఊపిరి పీల్చుకుంటాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు చెరువు మీదే ఉన్నాయి. "నేను పట్టుబడికి ఐస్ మాట్లాడి వస్తాను. వాచ్‌మన్ రాఘవులు టీకి వెళ్ళాడు. వాడొచ్చేదాకా కాస్త ఓ కన్నేసి ఉంచండి."

చూశారా? పంట నాకు అప్పజెప్పి వెళ్ళాడు. నాకు!

ఎండిన చెరువులోకి దిగాను. ముందు రిమోట్ ఆన్ చెయ్యాలి, తర్వాతే బ్యాటరీ తగిలించాలి. మూడుసార్లు సరిచూసుకున్నాను. తోక నా వైపు. మెల్లగా స్పీడు పెంచాను. రెక్కలు తిరిగాయి. అంతే, బండి చలి జ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది! "మొదట్లో ఇంతేనేమో" అనుకుని ఇంకాస్త పెంచాను. మోకాలెత్తు లేచింది. లేచిందండీ! రెండు సెకన్లు నా గుండె కూడా దాంతోపాటే లేచింది.

మూడో సెకనులో గిర్రున తిరిగింది. ముక్కు నా వైపు! కుడికి తిప్పాను, ఎడమకి పోయింది. ఎడమకి తిప్పాను, కుడికి పోయింది. భయంతో వేలు బిగుసుకుపోయి స్పీడు పూర్తిగా పైకి తోసేశాను. గట్టు దాటింది. చేతులెత్తి "ఆగు, ఆగు" అని అరిచాను. రిమోట్ చేతిలో ఉన్నవాడు అరవడం ఏంటండీ? అది వెళ్ళి వెళ్ళి నిండు చెరువులో, ఏరేటర్‌కి ఇవతల, గట్టు వైపు, దబ్బున పడింది.

గట్టెక్కాను. బ్యాటరీ నీళ్ళలో పడింది. ఏరేటర్‌కి కరెంటు. నీళ్ళలో కరెంటు, పక్కనే నా బ్యాటరీ, గట్టు మీద నేను! ఏం చెయ్యాలి? సేఫ్టీ ఫస్ట్ అనుకున్నాను. గట్టు మీద స్తంభానికి స్టార్టర్ పెట్టె ఉంది. వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. ఒక్కో చక్రం నెమ్మదిగా ఆగింది. ఎంత ప్రశాంతంగా ఉందో! కొంగ అరుపు వినిపించింది. పోనీలే, ఈ ఒక్క పనైనా బుర్ర పెట్టి చేశాననుకున్నాను.

ఇక వేట. చెరువులోకి దిగకూడదు, బయటి కాళ్ళు పెడితే రొయ్యలకి జబ్బులొస్తాయని సురేష్ ముందే చెప్పాడు. అక్కడున్న పొడుగాటి వెదురుగడ తీసుకుని, గట్టు మీద బోర్లా పడుకుని గెలకడం మొదలుపెట్టాను. అందినట్టే అంది జారిపోతుంది. ముప్పావుగంట పట్టింది. ఆఖరికి లాగి చూస్తే తోక లేదు, కుంకుమ బొట్టు మాత్రం భద్రంగా ఉంది. బ్యాటరీ చూస్తే... ఉబ్బింది! పూరీలా ఉబ్బింది! దూరంగా ఎండిన చెరువులోకి విసిరేసి, కళ్ళూ చెవులూ మూసుకుని కూర్చున్నాను. పేలలేదు.

కళ్ళు తెరిచి నీళ్ళ వైపు చూశాను. గట్టు వారన రొయ్యలు! ఒకటి కాదు, పది కాదు. అడుగున తిరగాల్సినవి పైకొచ్చి, మీసాలు బయటపెట్టి, మత్తు ఎక్కినట్టు తేలుతున్నాయి. అటు పరిగెత్తాను. అక్కడా అంతే. బ్యాటరీ విషం! లిథియం! చెరువంతా విషం ఎక్కించేశాను! పోయిన పంట వైరస్ తిన్నది, ఈ పంట నేను తిన్నాను. పద్మజకి మొహం ఎలా చూపించాలి? తమ్ముడి నోటి దగ్గర కూడు తీసిన మొగుడితో ఎవరు కాపురం చేస్తారు?

ఏడుపు ఆపుకుంటూ ఫోన్ చేశాను. "సురేష్, నేను మీ చెరువు చంపేశాను. నా బ్యాటరీ పడింది. రొయ్య తేలిపోయింది."

అటు నుంచి బైకు స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. ఆ పది నిమిషాలు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, తేలిన రొయ్యలకి సారీ చెప్పుకున్నాను. నవ్వకండి, నిజంగానే చెప్పాను.

సురేష్ బైకు పడేసి పరిగెత్తుకొచ్చాడు. రొయ్యల్ని చూడలేదు, నన్ను చూడలేదు. నీళ్ళ మధ్యకి చూశాడు.

"చక్రాలెందుకు ఆగాయి?"

వాడు స్టార్టర్ దగ్గరికి ఉరికాడు. ఎర్ర బటన్ మీద పచ్చగా, పసుపు వేలిముద్ర. వాడు దాన్ని చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. ఆకుపచ్చ బటన్ నొక్కాడు. గుడగుడమని చక్రాలు తిరిగాయి.

అప్పుడు వెలిగిందండీ నాకు! ఆ చక్రాలు నీళ్ళలోకి గాలి కలుపుతాయి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అసలే తక్కువ. రొయ్యలకి విషమూ లేదు, ఏమీ లేదు. ఊపిరాడక పైకొచ్చాయి. ముప్పావుగంట నుంచి వాటి పీక నొక్కి పట్టుకుని నేను బ్యాటరీ వెతుకుతున్నాను!

ఇద్దరం గట్టు మీద చతికిలబడ్డాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. సురేష్ పెదవులు కదులుతున్నాయి, ఏం మొక్కుకుంటున్నాడో. నేను ఊపిరి బిగబట్టాను. కాసేపటికి ఓ రొయ్య మీసం లోపలికి పోయింది. తర్వాత ఇంకోటి. నెమ్మదిగా గట్టు వారన అంతా ఖాళీ అయింది. నాలుగైదు మాత్రం తెల్లగా తేలి ఉండిపోయాయి. సురేష్ మొహం తుడుచుకున్నాడు. చెమటో, కన్నీళ్ళో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

అప్పటికి సురేష్ బైకు పరుగు చూసి రాఘవులు, పక్క చెరువుల వాళ్ళు నలుగురూ వచ్చారు, వెనకే కబురంది పద్మజ, అత్తగారూ ఆటోలో దిగారు. "ఏమైంది? ఏమైంది?" అని ఒకటే గోల. సురేష్ లేచి, మెడలో తువ్వాలుతో ఆ ఎర్ర బటన్‌ని తుడిచేశాడు.

"ఏముంది, కరెంటు పోయొచ్చింది. స్టార్టర్ పడిపోయి చక్రాలు ఆగాయి. మనిషి లేని టైమయ్యుంటే పంట పోయేదే. బావగారు ఉండి, చూసి, వెంటనే ఫోన్ చెయ్యబట్టి బతికాం."

అందరూ నా వైపు తిరిగారు. అత్తగారు చేతులు జోడించారు. పద్మజ కళ్ళల్లో అంత గర్వం మా పెళ్ళి రోజున కూడా చూడలేదు! నేను, "కాదు, అసలు నేనే..." అనబోయాను. సురేష్ నా కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

తర్వాత ఒంటరిగా దొరికాక అడిగాను, ఎందుకలా చెప్పావు సురేష్ అని.

"మీరు ఆపారంటే మా అమ్మ ముందు, అక్క ముందు మీ పరువేం కావాలి బావగారూ? కరెంటు పోయిందంటే మన వైపు ఎవరూ రెండో ప్రశ్న అడగరు." రెండు చేతులూ జోడించి అన్నాడు, "మీకు దండం పెడతాను, ఇంకెప్పుడూ మా చెరువు దగ్గర జాగ్రత్త మాత్రం తీసుకోకండి."

నాలుగు రోజులకి పట్టుబడి బాగానే అయింది. నాకు ఓ పెద్ద డబ్బా నిండా రొయ్యలు పంపాడు. పద్మజ వేపుడు చేసి, "మీ కష్టార్జితం, తినండి" అని కొసరి కొసరి వడ్డించింది. ప్రతి ముక్కకీ లోపల మళ్ళీ ఓ సారీ చెప్పుకుని తిన్నాను.

అక్కడితో అయిపోతే బాగుండు. మాస్టారి చెయ్యి మంచిదని ఆ గట్లంతా పాకింది. పక్క చెరువాయన ఫోన్ చేశారు, ఆ పక్కాయన మనిషినే పంపారు. "పట్టుబడి దగ్గరపడింది మాస్టారూ, తెల్లారి ఓ గంట మా గట్టు మీద నిలబడండి, చాలు" అని. కాదంటే కారణం చెప్పాలి కదా! అందుకని ప్రతి ఆదివారం వెళ్తున్నాను. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని, స్తంభానికి పది గజాల దూరంలో నిలబడి, వాచ్‌మన్ వచ్చేదాకా మీసం కూడా దువ్వుకోకుండా వస్తున్నాను.