పత్తిలో కంది సాలు

ఆ రోజుల్లో అశోక్ నగర్‌లో ఒక కిరాయి గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం నారాయణగూడ మార్కెట్లో రెండు కూరగాయలు కొనుక్కుని రావడం. పప్పు మాత్రం కొనేదాన్ని కాదు. మహబూబ్‌నగర్ వైపు మా ఊరి నుంచి అమ్మ పంపేది. మా పత్తి చేనులో ఆరు సాళ్లకు ఒక సాలు కంది వేసేవాళ్లు. ఆ కందులను అమ్మ తానే ఇసుర్రాయిలో విసిరి పప్పు చేసేది. అక్కడక్కడా పొట్టు మిగిలిపోయేది. అయినా అది ఉడుకుతుంటే పక్క గదుల వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు.

ఎకానమీ పేపర్‌లో ఒక పాఠం ఉంది. ఏ ప్రాంతంలో ఏది బాగా పండుతుందో అదే పండించాలి, మిగతావి కొనుక్కోవాలి, అన్నీ మనమే పండించుకుందామంటే నష్టం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చదివిన సాయంత్రమే తగుదునమ్మా అని నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా, కంది ఎందుకు? మొత్తం పత్తే పెట్టు. పప్పు దుకాణంల కొనుక్కుందం."

"సదువుకున్నదానివి, నువ్వు చెప్తే సరే బిడ్డా," అన్నాడు. ఆ రోజు నా గర్వం చూడాలి!

మరుసటి ఏడు కూడా పప్పు మూట వచ్చింది. నాయిన నా మాట వినలేదని కాస్త అలిగాను. తినడం మాత్రం మానలేదు. "మన చేను పప్పు రుచే వేరమ్మా," అని ఫోన్లో అంటే, "ఔ బిడ్డా," అంది అమ్మ.

గదిలో నాతో ఉండే అక్క ఒకరోజు పప్పు కడుగుతూ, "ఏందే, ఈసారి పొట్టన్నదే లేదు? రాంనగర్ దుకాణంల పప్పు లెక్కనే ఉన్నది," అంది. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"కొన్నదే బిడ్డా. నువ్వు చెప్పినంక నాయిన కంది పెట్టలే. చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే." మళ్లీ తనే, "మంచిగ ఉడుకుతలేదా?" అని అడిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. పట్నంలో నా గది ముందే దొరికే పప్పును ఊళ్లో కొని, గుడ్డలో మూటగట్టి, బస్సులో వేసి పంపింది నా తల్లి.

"వచ్చే వానలకు కంది పెట్టుండ్రమ్మా. పుస్తకంల చదివి నేను చెప్పింది తప్పు."

"ఇత్తనాలు దాసే పెట్టిన తీయ్. నాయినకు నేను చెప్త. నువ్వు మాత్రం పరీక్షల గట్ల రాయకు బిడ్డా. పుస్తకంల ఉన్నదే రాయి, మార్కులు పోతయ్."