సగ్గుబియ్యం గంజి

నేను పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు కోడలిగా వచ్చిన కొత్త. మా ఆడపడుచు పెళ్లిచూపులకు నందిగామ వాళ్లు మర్నాడు వస్తున్నారు. అత్తయ్య బీరువాలోంచి, తాను ఎంబ్రాయిడరీ చేసిన తెల్ల దుప్పటి తీసి, కలరా ఉండలు దులిపి నా చేతికిచ్చింది. "ఉతికి, సగ్గుబియ్యం గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యమ్మా, మెరుస్తది" అంది.

ఆ రోజే మావయ్యగారికి వేడి చేసింది. ఆయనకూ సగ్గుబియ్యం జావ కాచి, పంచదార వేసి, పలచగా వడకట్టాను. గంజి గిన్నె, జావ గిన్నె పక్కపక్కనే పెట్టాను. తర్వాత ఇస్త్రీ చేస్తుంటే దుప్పటి కమ్మటి వాసనేసింది. సగ్గుబియ్యం మహిమ అనుకున్నాను!

మర్నాడు ఆ దుప్పటి మీద కూర్చుని కాఫీ తాగుతున్న పెళ్లికొడుకు తల్లి "అమ్మో!" అంటూ లేచి నిలబడింది. దుప్పటి నిండా చీమలు. అత్తయ్య అంచును నాలిక్కి తాకించి, "ఇదేంటే, తియ్యగా ఉంది?" అంది.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. "జావ దీనికి పెట్టేశానా? మరి గంజి?"

అందరం మావయ్యగారి వైపు చూశాం.

"నేనే తాగానమ్మా" అన్నారాయన మెల్లగా. "చప్పగానే ఉంది. కొత్తగా వచ్చిన పిల్ల ప్రేమగా కాచిస్తే, బాగాలేదని ఎట్టా అంటాం?"

చీర దులుపుకుంటున్న ఆవిడ పకపకా నవ్వింది. "ఇట్టాంటి తండ్రి పెంచిన పిల్లని వదులుకుంటామా అండీ!" అంది. సంబంధం ఖాయమైంది. నా పుట్టింటి బెంగ కూడా ఆ రోజుతోనే పోయింది.

ఇప్పటికీ ఆ దుప్పటికి గంజి పెట్టేముందు వేలితో రుచి చూస్తాను. నేనలా రుచి చూడటం కంటపడితే చాలు, మావయ్యగారు హాల్లోంచే కేకేస్తారు: "నాకో గ్లాసు ఉంచమ్మా!"