నడుము బాగైన మనిషిని చూసొద్దామని

ఉదయం ఆరూ నలభైకి చౌటుప్పల్‌లో హైదరాబాద్ బస్సెక్కాను. నాలుగు నెలల కిందట నడుములో మొదలైన నొప్పి ఇప్పుడు ఎడమకాలి మడమ దాకా గుంజుతోంది. నేను గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని గుంట మగ్గం నేసేవాణ్ణి. ఆ కాలు కింది కర్ర తొక్కకపోతే చీర ముందుకు సాగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు చిన్న రంధ్రంలోంచి ఆపరేషన్ చేస్తానన్నాడు, మర్నాడే నడుస్తావన్నాడు. నమ్మకం కుదరక, ఇదివరకు చేయించుకున్నవాళ్ళ నంబరు అడిగాను. కౌంటర్లో అమ్మాయి తడుముకోకుండా యాదగిరి అనే ఆయన నంబరు రాసిచ్చింది. అంత వేగంగా ఇచ్చిందంటే వాళ్ళ మనిషే అయ్యుంటాడని అప్పుడే అనుకున్నాను. ఇవాళ పన్నెండింటికల్లా తేదీ ఖాయం చేయాలి. అంతకన్నా ముందు ఆ యాదగిరిని కళ్ళారా చూడాలి.

సీటు దొరికినా కూర్చోలేక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఇదే పని మీద వచ్చేవాళ్ళు బస్సులో వెనక సీట్ల జోలికి పోకండి, ప్రతి గుంతా నేరుగా నడుముకే తగులుతుంది. పక్కన ఒక కోస్తా పెద్దావిడ, కొత్తపేటలో కాపురమట, నా అవస్థ చూసి సంగతి అడిగింది.

“మా బావగారికీ ఇదే చేయించాం బాబూ. ఏడాది బానే ఉన్నారు. మళ్ళీ మొదలైంది” అంది.

ఎనిమిది దాటాక ఎల్బీనగర్ ముందర బస్సు ఆగిపోయింది. “ఇగ ముందుకు పోదు, దిగుర్రి. వంటావార్పు ఉన్నది” అన్నాడు కండక్టరు. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినే నిరసన అది. మా ఊళ్ళో నేనూ రెండుసార్లు కూర్చున్నవాణ్ణే. అయినా ఇవాళ లోలోపల విసుక్కున్నాను.

యాదగిరికి ఫోన్ చేశాను. “ఆడనే ఉండన్నా, నడుచుకుంట ఒస్తా” అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం చైతన్యపురిలో తన ఇంటి నుంచి నడిచొస్తాడా? ఏ లాభం లేకుండా ఎవడొస్తాడు?

గంటలోపే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ట్రాలీ ఆటో నడుపుతాడట. నడక తిన్నగానే ఉంది. కానీ నా పరీక్ష వేరే. కింద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవాలి. అప్పటికే రోడ్డు మీద బంతి భోజనాలు సాగాయి, పులిహోర వడ్డిస్తున్నారు. “కూసొని తిందాం పా” అన్నాను. ఆయన వరుసకేసి ఒకసారి చూసి, విస్తరి చేత్తో పట్టుకుని డివైడర్ దగ్గర నిలబడే తినసాగాడు. దొరికాడనుకున్నాను.

“గిట్ల చెప్పినందుకు నీకేమిస్తరన్నా?” అని మొహం మీదే అడిగేశాను.

ఆయన విస్తరి డివైడర్ మీద పెట్టి, అటు తిరిగి చొక్కా ఎత్తాడు. నడుము మీద గోరంత మచ్చ.

“పైన గింతే. లోపల గూడ గింతే అనుకున్న. నాకు చెప్పినోడు అంతా బాగైతదన్నడు. కాలు గుంజుడు మర్నాడే పోయింది, నిజమే. నెల తిరగకముందే సిలిండర్లు మోసిన, మళ్ల మంచం పట్టిన. ఇప్పటికి ఆరు నెలలైంది, బొటనవేలు ఇంక మొద్దుగనే ఉన్నది. కింద కూసోవాలంటే భయం. గీ ముచ్చట నాకెవ్వలు చెప్పలే. అందుకే ఎవరడిగినా ఒస్తా.”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. “మరి నేను మళ్ల మగ్గంల కూసుంటనా?” అన్నాను.

“నాకెట్ల తెలుస్తదన్నా? డాక్టర్నే అడుగు.”

ఇన్నాళ్ళలో ‘నాకు తెలియదు’ అని చెప్పినవాడు ఆయనొక్కడే. అక్కణ్ణుంచే డాక్టరుకు ఫోన్ చేసి అదే ప్రశ్న వేశాను. మూడు నెలలు మగ్గం ముట్టొద్దన్నాడు, ఆ తర్వాత సంగతికి మాట ఇవ్వలేనన్నాడు. మొదటిసారే ఈ మాట ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. అయినా కాలు గుంజుడైనా పోతుందని తేదీ ఖాయం చేశాను.

మూడింటికి రోడ్డు తెరిచారు. యాదగిరి నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. దిల్‌సుఖ్‌నగర్ చూడకుండానే నా ప్రయాణం వెనక్కి తిరిగింది. బస్సు కదలగానే నా భార్య లక్ష్మి ఫోన్ చేసింది.

“ఏమన్నడు? మళ్ల నేస్తవా?”

అంతా బాగైతదట అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. “కాలు నొప్పి పోతదట. మూడు నెలలు మగ్గం ముట్టొద్దట. ఆ తర్వాత ఎవ్వలు చెప్పలేరట. అయినా చేయించుకుంట” అన్నాను.



“అయితే మూడు నెలలు గుంటల నేను దిగుత. నువ్వు పక్కన పండుకొని నా తప్పులు చెప్పు” అంది.

హయత్‌నగర్ దాటేదాకా ఏ కర్ర ఎప్పుడు తొక్కాలో ఆమెకు ఫోన్లో చెబుతూనే ఉన్నాను.