ఎర్రగుడ్డ కట్టిన గోడ

ఆ ఫెర్రీలో అందరూ ఆవిడని వంటక్క అనే పిలిచేవారు. పదకొండేళ్ళుగా ఆవిడ లోకమంతా ఓడ వంటగదే. పొయ్యి ఓడ వెనకవైపు గోడకి ఆనించి ఉండడంతో, ఓడ ముందుకి పోతుంటే ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి నిలబడి గరిటె తిప్పుతూ ఉండేది. "వంటక్కా, పోర్ట్ వైపు కిటికీ మూసెయ్!" అని కేకేస్తే కుడిచేతి వైపు కిటికీ మూసేది. ఒక్కసారీ తప్పలేదు. అలా పోర్ట్ అంటే కుడిచెయ్యి అని ఆవిడ ఒంటికి పట్టేసింది.

నలభై రెండో ఏట ఆవిడకి డెక్ మీద పనిచేయాలని బుద్ధి పుట్టింది. తాళ్ళు కట్టాలి, లంగరు దించాలి, ఓడ వెళ్ళే దారి కళ్ళారా చూడాలి. అన్నేళ్ళు ఓడలో ఉండి పొయ్యి తప్ప ఏం చూసింది పాపం! బో అంటే ముందు మొన, స్టెర్న్ అంటే వెనక భాగం, కీల్ అంటే అడుగున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉండే దూలం. అన్నీ కూరగాయలు తరుగుతూనే కంఠతా పట్టింది.

తీరా పరీక్షనాడు డెక్ పనివాళ్ళ పెద్ద, సరంగు, "పోర్ట్ తాడు వదులు!" అని అరిచాడు. ముందు మొనకేసి చూస్తున్న మనిషికి పోర్ట్ ఎడమవైపు కదా, ఈవిడ పరుగున కుడివైపు వెళ్ళి స్టార్‌బోర్డ్ తాడు వదిలేసింది. ఓడ జరిగి రేవు గోడని రాసుకుంది. సరంగు తల పట్టుకున్నాడు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే మళ్ళీ పిలవరు, గరిటే గతి.

ఆవిడ భర్త దర్జీ. "పోర్ట్ దీపం ఎరుపే కదా" అంటూ ఎర్రగుడ్డ పీలిక చింపి ఆవిడ ఎడమ మణికట్టుకి కట్టాడు. మర్నాడు సాధన చేసేటప్పుడు ముందు మొన దగ్గర పని భేషుగ్గా సాగింది. స్టెర్న్ దగ్గర వెనక్కి తిరిగి తాళ్ళు లాగాల్సి వచ్చేసరికి, ఆ గుడ్డనే నమ్ముకుని ఎడమకి పోయింది. మళ్ళీ స్టార్‌బోర్డే!

ఇంటికొచ్చి స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. "నా వల్ల కాదండీ. నాకు గరిటే రాసిపెట్టి ఉంది."

మోకాళ్ళ నొప్పులతో గోడవారగా మంచం పట్టిన అత్తగారికి నోరు మాత్రం బాగానే పనిచేస్తుంది.

"చేతికి కట్టుకుంటే ఎలాగే? నువ్వెటు తిరిగితే చెయ్యీ అటే తిరుగుతుంది. నీతో పాటు ఓడ కూడా తిరుగుతుందా? గోడకి కట్టు!"

దర్జీగారు ఆవిడ మణికట్టు మీది గుడ్డ విప్పి, మేకు వెతకడానికి లేచాడు.

ఆ సాయంత్రమే ఇల్లు ఓడైపోయింది. వీధిగుమ్మం బో, పొయ్యి ఉన్న గోడ స్టెర్న్. అత్తగారి మంచం పైన మేకుకి ఎర్రగుడ్డ, కుట్టుమిషను వైపు గోడకి స్టార్‌బోర్డ్ దీపం రంగులో ఆకుపచ్చ గుడ్డ. కుడి, ఎడమ అన్న మాటలు ఇంట్లో నిషేధం. "నా కళ్ళజోడు స్టార్‌బోర్డ్ కిటికీలో ఉంది, పట్రావే" అని అత్తగారు కెప్టెన్ హోదాలో ఆర్డరు వేసేది. కొలతలివ్వడానికి వచ్చినాయనని "కాస్త స్టెర్న్ వైపు జరగండి" అంటే ఆయన బిక్కమొహం వేశాడు.

రెండో పరీక్షకి కొత్త అధికారి వచ్చాడు. పరీక్షకి వచ్చిన ముగ్గురినీ స్టెర్న్ దగ్గర వెనక్కి తిప్పి నిలబెట్టి, పోర్ట్ తాడు వదలమన్నాడు ఒక్కొక్కరినే. ముందున్న ఇద్దరూ చేతులు చూసుకుని ఎడమకి పోయారు. వంటక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చేతులు గుర్తుకు రాలేదు. ఇల్లు గుర్తొచ్చింది. తిన్నగా కుడికి నడిచి తాడు వదిలింది.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు అధికారి, కాగితం మీద టిక్కు పెడుతూ.

"ఇంట్లోనండీ."

గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే అత్తగారు లేచి కూర్చుంది. "ఏమైందే? ఎటు వెళ్ళావు?"

"మీ మంచం వైపే, అత్తయ్యా."

ముసలావిడ కళ్ళు తుడుచుకుని, గోడకేసి చూసింది. "అయితే ఆ గుడ్డ తియ్యకు. ఉండనీ."